హాజరు రిజిస్టర్ పక్కన పెట్టాక: ఒక పేరెంట్స్ గ్రూప్ కేస్ స్టడీ

ఐదో వారానికి గదిలో నలుగురం మిగిలాం. అందులో ఇద్దరం జీతం తీసుకుని వచ్చినవాళ్లమే, నేనూ మా కొలీగూ. మొదటి రోజు కుర్చీలు చాలక పక్క గదిలోంచి బెంచీలు లాక్కొచ్చాం. ఆ జనాన్ని చూసి లోపల్లోపల పొంగిపోయాను కూడా. నెల తిరక్కుండానే ఆ పొంగంతా చల్లారింది.

నగరంలో పేదవాళ్లు ఉండే బస్తీల్లో తల్లిదండ్రుల సపోర్ట్ గ్రూపులు నడపడం నా పని, చాలా ఏళ్లుగా ఇదే చేస్తున్నాను. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక గ్రూపు గురించి, సుమారు ఏడాదిన్నర నడిచిన వ్యవహారం. ఊరి పేరు చెప్పను, మనుషుల పేర్లు అసలే చెప్పను, ఎవరినీ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు అటూ ఇటూ మార్చాను. పేర్లు లేకుండా కథ నడవదు కాబట్టి వాళ్లను ఆలస్యంగా వచ్చే ఆవిడ, పెద్దావిడ, రాత్రి డ్యూటీ నాన్న అని పిలుస్తాను. ఈ పనిలో ఉన్నవాళ్లు, ముఖ్యంగా "మా గ్రూపుకి పేరెంట్స్ రావట్లేదండీ, వాళ్లకి ఇంట్రెస్ట్ లేదు" అని రిపోర్టులో రాసి పంపేవాళ్లు చదవాలని రాస్తున్నాను. ఆ వాక్యం నేనూ రాశాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

మొదలుపెట్టిన తీరు

గ్రూపు ఉద్దేశం మామూలుదే. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలున్న అమ్మానాన్నలు వారానికోసారి రెండు గంటలు కూర్చుంటారు. పిల్లల మొండితనం, బడి ఎగ్గొట్టడం, ఇంట్లో అరుపులు, కొట్టడం, వీటి గురించి మాట్లాడుకుంటారు. మేం కొన్ని మెళకువలు చెబుతాం, ఒకళ్ల అనుభవం ఇంకొకళ్లకి పనికొస్తుంది. పది వారాల ప్లాన్. బడిలో ఒక తరగతి గది అడిగి తీసుకున్నాం, సాయంత్రం నాలుగు గంటలకి పెట్టుకున్నాం. నాలుగు ఎందుకంటే ఆరింటికల్లా నేను ఇంటికి బయల్దేరాలి. రిపోర్టులో మాత్రం "పిల్లల బడి సమయానికి అనుకూలంగా" అని రాశాను.

పేరు "బాధ్యతాయుతమైన పెంపకం". ఇప్పుడు ఆ పేరు చూస్తే సిగ్గేస్తుంది. ఆ పేరు పెట్టి రమ్మన్నామంటే మీకు బాధ్యత లేదు, వచ్చి నేర్చుకోండి అని ముఖం మీద చెప్పినట్టే కదా. పైగా ఆ పిలుపు పిల్లల చేతికి చీటీలుగా ఇచ్చి పంపాం. బడి నుంచి చీటీ వచ్చిందంటే ఆ ఇళ్లలో ఒకటే అర్థం, వీడు ఏదో చేశాడు. ఒక పిల్లవాడు ఆ చీటీని మడిచి మడిచి పెన్సిల్ డబ్బా అడుగున దాచాడట, మూడు నెలల తర్వాత వాళ్లమ్మకి దొరికింది. ఇంకో ఇంట్లో చదవకముందే దెబ్బలు పడ్డాయి. కొట్టడం తగ్గించడానికి పెట్టిన గ్రూపుకి మా ఆహ్వానమే ఒక పిల్లాడి వీపు మీద పడింది. దీన్ని ఏ రిపోర్టులో ఏ కాలమ్‌లో రాయాలో ఇప్పటికీ తెలియదు.

సరే, మొదటి రోజు జనం వచ్చారు. ఎందుకు వచ్చారో తర్వాత తెలిసింది. రాకపోతే పిల్లల పేర్లు కొట్టేస్తారేమో అని భయంతో వచ్చినవాళ్లు సగం మంది. ఏమీ కొట్టెయ్యరని తేలాక రెండో వారానికి ఆ సగం తగ్గింది.

ఆలస్యంగా వచ్చే ఆవిడ

ఈవిడ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం ఈవిడ దగ్గరే నేర్చుకున్నాను.

ప్రతి వారం వచ్చేది, కానీ ప్రతి వారం ఇరవై నిమిషాలు లేటు. వచ్చి చివరి బెంచీ అంచున కూర్చునేది. నా నోట్సులో "ఆసక్తి ఉంది, సమయపాలన లేదు" అని రాసుకున్నాను. నాలుగో వారం నేను ఫోన్ మాట్లాడుతూ ముందుగానే వరండాలోకి వచ్చేసరికి ఆవిడ అక్కడే ఉంది, మెట్ల కింద, గోడకి ఆనుకుని. నాలుగు ఇంకా కాలేదు. నన్ను చూసి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది. నేను లోపలికి వెళ్లిపోయాను, మీటింగ్ మొదలైంది, రిజిస్టర్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి తిరిగింది, అందరి సంతకాలూ అయ్యాక టేబుల్ మీదికి తిరిగొచ్చింది. అప్పుడు వచ్చింది లోపలికి. కిటికీలోంచి రిజిస్టర్‌ని చూస్తూ నిలబడిందన్నమాట.

వెంటనే అడగలేదు, అడక్కపోవడమే మంచిదయింది. నెలల తర్వాత తనే చెప్పింది. తన పేరు రాయడం వచ్చు, కానీ ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాయాలి, పక్కనున్నవాళ్లు పెన్ను కోసం చెయ్యి చాపి ఎదురుచూస్తుంటే వేళ్లు వణుకుతాయి. అది ఒకటి. రెండోది నాకు కలలో కూడా తట్టనిది. రిజిస్టర్‌లో సంతకం పక్కన మేం ఇంకో మూడు గళ్లు గీశాం: చిరునామా, ఫోన్ నంబర్, ఎంతమంది పిల్లలు. ఆవిడకి ముగ్గురు. ఇంటి ఓనరుకి చెప్పింది ఇద్దరని. ముగ్గురంటే ఆ గది అద్దెకి ఇచ్చేవాడు కాదు. చిన్నది పక్క వీధిలో చెల్లెలి దగ్గర పడుకుంటుంది, పగలు మాత్రమే ఇంట్లో ఉంటుంది.

"ఆ పుస్తకం ఎవరి చేతికి పోతుందో నాకేం తెలుసు మేడం? మీకు మాత్రం తెలుసా?" అంది.

నాకు తెలుసు, నిజానికి. ఆఫీసు బీరువాలోకి పోతుంది, అక్కడి నుంచి ఫండ్ ఇచ్చేవాళ్ల ఆడిట్‌కి పోతుంది. కానీ ఆ సంగతి ఆవిడకి ఎప్పుడైనా చెప్పానా? లేదు. మనకి మామూలు కాగితంలా కనిపించేది, అద్దె గదిలో అప్పులతో, సగం లెక్కల్లో ఉండి సగం లెక్కల్లో లేకుండా బతికే మనిషికి మామూలు కాగితం కాదు. వాళ్ల మీద రాసిన కాగితాలు ఇంతకుముందు వాళ్లకి మంచి చేసి ఉంటే వేరే సంగతి.

రిజిస్టర్ తీసేద్దాం అన్నాను. ఫండ్ ఇచ్చేవాళ్లు సంతకాలు లేకుండా ఎలా అన్నారు. దాదాపు రెండు నెలలు ఉత్తరాలు, ఫోన్లు. చివరికి తలలు లెక్కపెట్టి మొత్తం ఎంతమంది, అందులో కొత్తవాళ్లు ఎంతమంది అని రెండే అంకెలు ఇస్తామని ఒప్పించాం. ఆలోపే ఆవిడ టైముకి రావడం మొదలుపెట్టింది, ఎందుకంటే ఆ రెండు నెలలూ నేను రిజిస్టర్‌ని "ఇంట్లో మర్చిపోతూ" వచ్చాను. ఆఫీసులో చీవాట్లు తిన్నాను, అది వేరే కథ.

రాని వాళ్ల ఇళ్లకి

ఐదో వారం తర్వాత మీటింగులు ఆపేసి నెల రోజులు వీధులు తిరిగాం. మొదటిసారి వెళ్తే అందరూ ఒకటే మాట, పనుంది, ఒంట్లో బాలేదు, ఈసారి తప్పకుండా వస్తాం. మర్యాద కోసం చెప్పే మాటలవి, వాటిని కారణాలుగా రాసుకుంటే మోసపోతాం. "ఎందుకు రాలేదు" అని అడగడం మానేసి, "మీరే పెడితే ఎక్కడ పెడతారు, ఎప్పుడు పెడతారు" అని అడగడం మొదలుపెట్టాక మూడో విడత తిరుగుడులో అసలు సంగతులు బయటపడ్డాయి.

టైము సంగతి ఊహించిందే. రోజు కూలీకి రెండు గంటలు అంటే రెండు గంటలు కాదు, ఒక్కోసారి ఆ పూట పనే పోతుంది. షిఫ్టులు వారం వారం మారేవాళ్లకి "ప్రతి బుధవారం" అనే మాటకి అర్థమే లేదు. చంటిపిల్లల్ని ఎక్కడ వదలాలి అన్నది ఇంకో ప్రశ్న. ఇవన్నీ ఏ పుస్తకంలోనైనా ఉంటాయి కాబట్టి ఎక్కువ రాయను.

ఊహించనివి వేరే. మేం ముందు రోజు గుర్తుచేయడానికి ఆఫీసు నంబర్ నుంచి ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు కాదు. పట్టించుకోవడం లేదనుకున్నాం. తెలియని నంబరంటే అప్పులవాళ్లే అని వాళ్ల లెక్క. ఇంకొకటి బెంచీలు. పిల్లల బెంచీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చోబెట్టి, ఎదురుగా బోర్డు ముందు నేను నిలబడితే, అదే బడిలో ఒకప్పుడు తన్నులు తిని మధ్యలో మానేసిన ఒక అమ్మ "కూర్చోగానే కడుపులో తిప్పేది అక్కా" అంది. మూడోది అన్నిటికంటే చిక్కైంది, అప్పులు. వీధిలో ఒకళ్లకొకళ్లు బాకీ. అప్పు ఇచ్చిన మనిషి గదిలో ఉంటే తీర్చలేని మనిషి గుమ్మం తొక్కదు. మేం వీధుల వారీగా గ్రూపులు చేశాం, దగ్గరగా ఉంటుంది కదా అని. ఆ దగ్గరతనమే అడ్డమైంది. తర్వాత ఎవరికి ఏ వీధి గ్రూపు నచ్చితే అందులో కూర్చోవచ్చు అన్నాం, కారణం అడగలేదు. కొందరు పావుగంట ఎక్కువ నడిచి వేరే వీధి గ్రూపుకి వెళ్లారు.

మెట్లు

మళ్లీ మొదలుపెట్టిన మొదటి రోజు గది తాళం తీసే మనిషి రాలేదు. ఏం చెయ్యాలో తెలియక బడి వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఆ రోజు మాట్లాడినంత ఎప్పుడూ మాట్లాడలేదు వాళ్లు.

ఎందుకో తర్వాత ఆలోచించాను. గుండ్రంగా కుర్చీలు వేస్తే అందరూ సమానం అని మాకు ట్రైనింగులో చెబుతారు. కానీ గుండ్రంగా కూర్చుంటే ప్రతి ముఖం కనిపిస్తుంది, తన ముఖం అందరికీ కనిపిస్తుంది. మెట్ల మీద అలా ఉండదు. ముందున్నవాళ్ల వీపులు కనిపిస్తాయి, మాట్లాడే మనిషి ఎదురుగా గోడని చూస్తూ మాట్లాడొచ్చు. పిల్లలు పై మెట్ల మీద ఆడుకుంటుంటారు, మధ్యలో లేచి వెళ్లిపోయినా ఎవరూ గమనించరు. నేను కూడా అందరిలాగే ఒక మెట్టు మీద ఇరుక్కుని కూర్చున్నాను, బోర్డు లేదు, మార్కర్ లేదు. వాళ్లే దానికి "మెట్ల మీటింగు" అని పేరు పెట్టుకున్నారు. పాత పేరు కాగితాల్లో మిగిలిపోయింది.

మెట్లకి ఒక లోపం ఉంది. పక్కనుంచి వెళ్లేవాళ్లకి అన్నీ వినపడతాయి. దాని సంగతికి వస్తున్నాను.

తాళం వేసిన గది

ఇది రాయడానికే ఎక్కువ టైము పట్టింది.

రెండో విడతలో ఒక అమ్మ, ఇద్దరు చిన్నపిల్లలున్న ఒంటరి మనిషి, రాత్రి షిఫ్టుకి వెళ్లేటప్పుడు పిల్లల్ని లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోతానని చెప్పింది. ఎవరూ అడగలేదు, తనే చెప్పింది. చెప్పి ఏడ్చింది. గ్రూపు చాలా బాగా పట్టుకుంది ఆ క్షణాన్ని, ఎవరూ తప్పు పట్టలేదు, ఇద్దరు తాము కూడా ఒకప్పుడు అలాగే చేశామన్నారు. సపోర్ట్ గ్రూప్ అంటే ఇదే కదా అని మురిసిపోతూ ఇంటికి వెళ్లాను.

మూడో రోజుకి వీధంతా తెలిసిపోయింది. ఓనరు భార్య ఆవిడ ముఖం మీదే అడిగిందట. ఎవరు చెప్పారో తెలియదు. గ్రూపులో ఎవరైనా కావచ్చు, మెట్ల పక్కనుంచి వెళ్లినవాళ్లు కావచ్చు. ఆవిడ మాత్రం నేనే అనుకుంది. అనుకోవడానికి కారణం కూడా ఉంది. మర్నాడు నేను వాళ్లింటికి వెళ్లి పిల్లల భద్రత గురించి మాట్లాడాను. పిల్లలకి ప్రమాదం ఉందని తెలిస్తే ఊరుకోకూడదన్నది మా పనిలో రాసిపెట్టిన నియమం. నిప్పు అంటుకుంటే ఆ పిల్లలు బయటికి ఎలా వస్తారు? పక్కింటి ముసలావిడ రాత్రిళ్లు పిల్లల దగ్గర పడుకునేలా ఏర్పాటు జరిగింది, తాళం వెయ్యడం ఆగింది. ఆ మేరకు మంచిదే. కానీ "ఇక్కడ చెప్పింది ఇక్కడే ఉంటుంది, పిల్లలకి ప్రమాదం అనిపిస్తే మాత్రం నేను ఊరుకోలేను" అన్న మాటలో మొదటి సగమే మొదటి రోజు చెప్పాను. రెండో సగం చెబితే ఎవరూ నోరు విప్పరని భయపడి మింగేశాను. ఆవిడ మళ్లీ గ్రూపుకి రాలేదు.

నలుగురు గోడలు పంచుకుని బతికే చోట "రహస్యం కాపాడండి" అని చార్టు అంటించడం వల్ల ఏమీ కాదు. చెప్పుకున్న మాట తెల్లారి కొళాయి దగ్గరో, అద్దె గొడవలోనో, అప్పు తగాదాలోనో ఆయుధంగా తిరిగొస్తుంది. ఎక్కడో అపరిచితుల మధ్య కూర్చునేవాళ్ల కోసం రాసిన నియమాన్ని తెచ్చి పొద్దున లేస్తే ముఖాలు చూసుకునేవాళ్ల మీద పెట్టాను.

దారి చూపించింది పెద్దావిడ. మనవల్ని పెంచుతున్న అమ్మమ్మ, గ్రూపులో అందరికంటే పెద్ద, చాలా తక్కువ మాట్లాడుతుంది. తర్వాతి వారం ఎవరూ మాట్లాడక మెట్లన్నీ బిగుసుకుపోయి ఉంటే ఆవిడే అంది: "ఇకమీద ఎవరి సంగతి వాళ్లు చెప్పకండమ్మా. నాకు తెలిసిన ఒకావిడ ఉంది అని చెప్పండి."

అంతే. అప్పటి నుంచి అందరూ తెలిసిన ఒకావిడ గురించే మాట్లాడారు. ఆ ఒకావిడ కొడుకుని గరిటెతో కొడుతుంది, ఆ ఒకావిడ మొగుడు తాగొస్తాడు, ఆ ఒకావిడకి ఒక్కోసారి పిల్లల్ని వదిలి ఎటైనా పోవాలనిపిస్తుంది. ఎవరి గురించో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. సలహా కూడా అలాగే వెళ్లేది, "మరి ఆవిడతో చెప్పు, ఇలా చేసి చూడమను." వీధిలో ఎవరైనా ఎత్తిపొడిస్తే "నేను అన్నది ఎవరి గురించో" అని తప్పుకోవడానికి సందు ఉండేది. ట్రైనింగులో ఇన్నేళ్లు నేను నేర్పింది దీనికి పూర్తిగా తలకిందులు, "నేను" అని మాట్లాడండి, మీ అనుభూతిని మీదిగా చెప్పండి అని. మెట్ల మీద ఆ పాఠం పనికి రాలేదు.

ఎవరు నడపాలి

ఇక్కడ కొంచెం చరిత్ర. 1969లో కాలిఫోర్నియాలో ఒక తల్లి, తన బిడ్డతో తాను ప్రవర్తించే తీరు చూసి తనకే భయమేసి సాయం కోసం తిరిగి, చివరికి తన సోషల్ వర్కర్‌తో కలిసి పేరెంట్స్ అనానిమస్ అనే తల్లిదండ్రుల గ్రూపు మొదలుపెట్టింది. అంటే ఈ రకం గ్రూపులు మొదలవ్వడంలోనే ఒక తల్లి చెయ్యి ఉంది. మనం వాటిని ప్రాజెక్టులుగా మార్చి, తల్లుల్ని లబ్ధిదారుల జాబితాలోకి నెట్టాం. అదే 1969లో అమెరికాలోనే షెర్రీ అర్న్‌స్టీన్ అనే ఆవిడ ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. కింది మెట్లలో పేరుకే పిలిచి మన మాట వినిపిస్తాం, పై మెట్లకి వెళ్లేకొద్దీ నిర్ణయం వాళ్ల చేతికి వెళ్తుంది. ఆ నిచ్చెన మీద నా పది వారాల ప్లాన్‌ని పెట్టి చూసుకుంటే రెండో మెట్టు దాటలేదు. ఆ రెండో మెట్టు పేరు థెరపీ, అంటే జనాన్ని రోగుల్లా చూసి బాగుచెయ్యబోవడం. సరిగ్గా సరిపోయింది.

లండన్‌లో సదర్క్ అనే ప్రాంతంలో జరిగిన ఒక ట్రయల్ ఫలితాలు 2012లో వచ్చాయి. ఎనిమిది వారాల పెంపకం గ్రూపులు, నడిపింది ప్రొఫెషనల్స్ కాదు, శిక్షణ తీసుకున్న స్థానిక తల్లిదండ్రులు. 116 కుటుంబాలు పాల్గొన్నాయి. పిల్లల ప్రవర్తన సమస్యలు తగ్గాయి, పెంపకం తీరు మెరుగైంది, మధ్యలో మానేసినవాళ్లు పదో వంతు కూడా లేరు. తల్లిదండ్రుల స్ట్రెస్‌లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఈ చివరి ముక్కని చాలామంది దాటేస్తారు. నాకు అదే ఎక్కువ నమ్మకం కలిగించింది. గ్రూపులో కూర్చున్నంత మాత్రాన అద్దె తగ్గదు, షిఫ్టు మారదు, టెన్షన్ ఎక్కడికి పోతుంది?

దాంతో మూడో విడతకి ముగ్గురు అమ్మల్ని నడిపేవాళ్లుగా పెట్టాం, ఆలస్యంగా వచ్చే ఆవిడ వాళ్లలో ఒకరు. డబ్బు ఇచ్చాం. దీని మీద ఆఫీసులో గొడవైంది, సొంత వీధికి సేవ చేసుకోవడానికి డబ్బులెందుకని. మనం జీతానికి చేసే పనినే వాళ్లు ఊరికే చేస్తే దానికి సేవ అని పేరు పెట్టడం నాకు నచ్చదు. ఫ్రాంక్ రీస్‌మన్ అనే అమెరికన్ సోషల్ సైకాలజిస్ట్ 1965లోనే అన్నాడు, సాయం చేసే మనిషికే సాయం వల్ల ఎక్కువ లాభం జరుగుతుందని. నిజమే, ఆవిడలో ఆ మార్పు కళ్లారా చూశాను. అలాగని ఆ లాభాన్నే జీతం కింద కట్టెయ్యకూడదు.

అంతా సాఫీగా సాగలేదు. ముగ్గురిలో ఒకావిడ రెండో నెలకల్లా చిన్న టీచరమ్మ అయిపోయింది. "నిన్న ఎందుకు రాలేదు, చెప్పకుండా మానేస్తే ఎలా" అని వీధిలో అందరి ముందూ అడగడం మొదలుపెట్టింది. ఎక్కడ నేర్చుకుందంటే, నా దగ్గరే. మొదటి విడతలో నేను అన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా ఆవిడ నోట విన్నాను. నాలుగు వారాలకోసారి నడిపే మనిషి మారాలని గ్రూపే తేల్చింది. కొంత రసాభాస జరిగింది, ఒకావిడ అలిగింది, మళ్లీ వచ్చింది.

గుర్తుచేసే పని కూడా వాళ్లే తీసుకున్నారు. ఆఫీసు నంబర్ నుంచి ఫోన్లు ఆగిపోయి, తెలిసిన గొంతుతో వాయిస్ మెసేజ్‌లు వెళ్లాయి. చదవాల్సిన అవసరం లేదు, పని చేసుకుంటూ వినొచ్చు. దీనికి పైసా ఖర్చు కాలేదు, అయినా మా కొత్త ప్రాజెక్టు పేపర్లలో ఎస్ఎమ్ఎస్ సిస్టమ్‌కి బడ్జెట్ కనబడుతూనే ఉంటుంది.

రాత్రి డ్యూటీ నాన్న

ఆ వాయిస్ మెసేజ్‌ల గ్రూపులో ఒక కాపలా ఉద్యోగి ఉండేవాడు. మెట్ల దగ్గరికి వచ్చింది రెండుసార్లే, అది కూడా భార్యకి పగటి డ్యూటీ పడితే కూతుర్ని తీసుకుని, అందరూ ఆడవాళ్లేనని దూరంగా నిలబడి. మా తలల లెక్కలో ఆయన వచ్చింది రెండు వారాలు, రానివి మిగతావన్నీ.

కానీ అర్ధరాత్రి దాటాక, రెండింటికో మూడింటికో, ఆయన మెసేజ్ వచ్చేది. గొంతు బాగా తగ్గించి, వెనక ఎక్కడో జనరేటర్ శబ్దం వినిపిస్తుండగా. "అక్కా, మా పాప తొమ్మిదేళ్లొచ్చినా పక్క తడుపుతోంది, మా ఆవిడ కొడుతోంది, కొట్టొద్దంటే నా మీద అరుస్తోంది, ఏం చెయ్యాలి." తెల్లారేసరికి ఆరేడు జవాబులు ఉండేవి. మా వాడికీ పదేళ్ల దాకా ఉంది అని ఒకరు, మీరు పడుకునే ముందు పాపని లేపి బాత్రూమ్‌కి తీసుకెళ్లమని ఒకరు, డాక్టర్‌కి ఒకసారి చూపించమని ఒకరు. పెద్దావిడ జవాబు మాత్రం వేరుగా ఉంది. "మీ ఆవిడ ఒక్కతే ఉతుక్కోవాలి కదయ్యా ఆ దుప్పట్లు. నువ్వు ఉతుకు కొన్నాళ్లు."

ఆయన ఉతికాడు. కొట్టడం తగ్గింది అని తర్వాత భార్య చెప్పింది, పక్క తడపడం తగ్గడానికి ఇంకా ఏడాది పట్టినా.

ఈయన గ్రూపులో ఉన్నట్టా, లేనట్టా? ఎవరికీ కనపడకుండా అందరికంటే ఎక్కువ అడిగింది, ఎక్కువ విన్నది ఈయనే. మా ఫార్మాట్‌లో అందుకు గడి లేదు. ఈయన్ని చూసి ఉత్సాహం వచ్చి నాన్నల కోసం వేరే గ్రూపు పెట్టాం. మూడు వారాలు నడిచింది, వచ్చిన ఇద్దరూ ఉద్యోగాల గురించి మాట్లాడుకుని వెళ్లిపోయారు. అది తప్పని అనను, బహుశా వాళ్లకి కావాల్సింది అదే. గ్రూపు మాత్రం నిలబడలేదు.

ఏం మారింది

స్ట్రెస్ తగ్గిందా అని అడిగితే, ఆ లండన్ ఫలితంలాగే, లేదు. ఒక కుటుంబం అద్దె కట్టలేక బస్తీ మారింది, ఇద్దరు పిల్లలు బడి మానేశారు, మేం ఆపలేకపోయాం. కొట్టడం పూర్తిగా ఆగిందని చెప్పే ధైర్యం నాకు లేదు.

మారింది ఒక చిన్న విషయం. మూడో విడత మధ్యలో ఒకమ్మ చెప్పింది, కోపం నెత్తికెక్కినప్పుడు పిల్లాడిని పక్క వీధిలో గ్రూపు స్నేహితురాలి ఇంటి దగ్గర వదిలి, "పది నిమిషాలు వీణ్ణి ఉంచుకో, మళ్లీ వస్తా" అని వెనక్కి వచ్చేస్తానని. ఇంటికెళ్లి తలుపు వేసుకుని కూర్చుంటుందట, అంతే. రేపు ఆవిడ పిల్ల ఇక్కడికి వస్తుంది. దాన్ని వాళ్లు "పది నిమిషాల బదులు" అనుకునేవారు. ఎవరికి ఎన్ని పది నిమిషాలు బాకీ ఉన్నారో సరదాగా లెక్కలు కూడా చెప్పుకునేవారు. డబ్బు బాకీలతో ముఖాలు చాటేసుకున్న వీధుల్లోనే ఇది నడిచింది. నా పది వారాల ప్లాన్‌లో "కోపాన్ని అదుపులో పెట్టుకోవడం" అని ఒక సెషన్ ఉంది, ఊపిరి తీసుకోవడం, అంకెలు లెక్కపెట్టడం. ఒకే గదిలో ఐదుగురు ఉండే ఇంట్లో పక్కకి వెళ్లి ఊపిరి తీసుకోవడానికి చోటెక్కడ? చోటు లేనివాళ్లు పక్కవాళ్ల దగ్గర చోటు బదులు తీసుకున్నారు. ఆ సెషన్‌ని తర్వాత ప్లాన్‌లోంచి కొట్టేశాను.

ఏడాదిన్నర తర్వాత మా ప్రాజెక్టు అయిపోయింది. మెట్ల మీటింగు వారం వారం కాకపోయినా ఇప్పటికీ నడుస్తోంది, పిలిస్తే వెళ్తాను, పిలవకపోతే వెళ్లను. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చిన మొదటి రోజు "తెలిసిన ఒకావిడ" పద్ధతి చెప్పేది ఆలస్యంగా వచ్చే ఆవిడే. దాంతోపాటు నేను అప్పుడు మింగేసిన రెండో సగం కూడా చెబుతుంది, పిల్లలకి ప్రాణం మీదికొస్తే మాత్రం మేం ఊరుకోం అని. ఆ మాట విని మానేసినవాళ్లు ఇప్పటిదాకా ఒక్కరు.

తాళం వేసిన గది అమ్మ నాకు అప్పుడప్పుడూ దారిలో కనిపిస్తుంది. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. "బాగున్నారా మేడం" అంటుంది, మిగతా అందరూ అక్కా అంటారు, ఈవిడ మాత్రం మేడం అనే. బాగున్నానమ్మా అంటాను. ఎవరు చెప్పారో ఆవిడ అడగదు, నేను కాదని నేనూ చెప్పను, ఇద్దరం కాసేపు పిల్లల చదువు గురించి మాట్లాడుకుని ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోతాం.